గడప మీద లంగరు

పరాంకుశాచార్యులవారు దివ్యదృష్టితో సముద్రం రాకను ముందే చూసి, సూరాడపేటలో ఒక జాలరి ఇంటి శంకుస్థాపనను ఆపించారని శిష్యులు చెప్పుకుంటారు. ఈ కథనాన్ని నేను నమ్మను. ఆనాడు వారి వెంట ఉన్న శిష్యుడు కామేశం నాకు చెప్పింది వేరు.

శంకుస్థాపనకు పిలిచినవాడు గరికిన పోలయ్య. కోడలికి నెలలు నిండుతున్నాయి. పురిటికి ముందే పాక వదిలి పక్కా ఇంట్లోకి మారాలని అతని ఆత్రం. పడవ కళ్లెదుట ఉండాలని ఒడ్డు దగ్గరే కొయ్యలు పాతి, తాడు కట్టి ఉంచాడు. అక్కడికి నడుస్తూ కామేశం అడిగాడు: "ధ్రువాల దగ్గర మంచు కరిగి సముద్రాలు పెరుగుతున్నాయంటారు. ఎక్కడి మంచు, ఎక్కడి పోలయ్య? ఇతనికి భయం దేనికి గురువుగారూ?"

ఆచార్యులవారు, పలుగు అందించబోయిన పోలయ్యతో, "ముందు నీ పాత ఇల్లు చూపించు" అన్నారు.

"చూపిత్తాను గానీ, చెప్పులిప్పి పడవెక్కాల బాబూ!" అని నవ్వాడు పోలయ్య.

మిట్టమధ్యాహ్నం. సముద్రం కదలడం లేదు. తెడ్డు వేస్తూ అతను నీళ్లను చూపించసాగాడు. "ఇది మా వీధి. అదిగో, బడి. ఇటు మళ్లితే మా మేనత్త ఇల్లు." చెబుతున్నకొద్దీ అతని గొంతు తగ్గింది. కామేశానికి కనిపించింది పచ్చటి నీరే, అయినా అతనూ గొంతు తగ్గించే అడిగాడు, "లంగరు ఇక్కడ వేద్దామా?"

"అక్కడొద్దు బాబూ. మా అమ్మ పడుకునే గది."

పోలయ్యే పడవను పక్కకు జరిపి లంగరు వేశాడు. అడుగున లంగరు రాతికి తగిలింది. ఆ చప్పుడు తాడు వెంట పైకి పాకి పడవ అడుగులో మోగింది, లోపలినుంచి ఎవరో తలుపు తట్టినట్టు.

"గడప," అన్నాడు పోలయ్య. "నా పెళ్లికి మా అయ్య ఏయించాడు, ఎనబై మూడులో. అప్పుడు సముద్రం హోరు ఇనబడేదే గానీ అగుపించేది కాదు."

ఆ వీధిని ముంచింది మంచు నీరొక్కటే అని నేననను. ఒడ్డు కోతకు కారణాలు అనేకం. అయితే నీటిమట్టం పెరిగేకొద్దీ ఆ కోత లోపలికి జరుగుతుందన్నది కాదనలేం.

పడవలోంచి పోలయ్య ఒడ్డున తాను పాతిన కొయ్యలకేసి చాలాసేపు చూశాడు. దిగాక, ఎవరూ చెప్పకుండానే, ఒక్కొక్కటే పీకేశాడు. "రోడ్డవతల మా బావమరిది జాగా ఉంది. దూరమే. వల మోసుకొత్తాలే" అన్నాడు.

తిరుగుదారిలో కామేశం అడిగాడు: "జరగబోయేది మీకు ముందే కనిపించిందా?"

"రేపటి సంగతి నాకేం తెలుసు నాయనా! నేను విన్నది 1983లో వేసిన గడప చప్పుడు."