ఉప్పుటేరు మొగలో వంతులు

"కష్టంలో ఉన్నవాడికి చెయ్యందిస్తూ, ఆ చేత్తోనే వాడి ఇంటి తలుపులు బార్లా తీయించేవాడిని నమ్మొచ్చా గురువుగారూ?" అని అడిగింది ముత్యాలు. గురువు సదానందులవారు, "విసురువల తెచ్చుకో. ఆ దాతగారిని చూసొద్దాం" అని కర్ర పుచ్చుకుని లేచారు.

మొన్నటి తుఫానుకి పాలెంలో పడవలన్నీ ముక్కలైపోయాయి. పట్నంలో రొయ్యల వ్యాపారం చేసే గజపతిబాబు కొత్త పడవలిస్తానన్నాడు. షరతు ఒకటే. ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగ దగ్గర వంతులు ఎత్తేయాలి. ఎక్కడివాళ్లైనా, ఎప్పుడైనా వలేసుకోవచ్చు. తాతలనాటి నుంచీ అక్కడ ఇంటికో రోజు వంతు. మగదిక్కు లేని ఇంటికీ వంతుంది. పక్కింటివాళ్లు వేటాడి, చేపలు ఆ గుమ్మంలో పోసి వెళ్తారు. ముత్యాలు మేనత్త పోలమ్మ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ వంతుతోనే.

నాలుగు ముక్కలు చదవడం వచ్చిన పిల్లవి, రేపు బాబుగారొస్తే జవాబు నువ్వే చెప్పమంది ఊరు. కాదంటే పడవల్లేవు. ఔనంటే? పోలమ్మ గుమ్మంలో చేపలు పోసేవాళ్లుండరు. పైగా గజపతిబాబు గుమస్తా "ఇక మీకు అంతా స్వేచ్ఛే" అన్నప్పుడు అతని కళ్లు ఊరి మీద లేవు, మొగ మీదున్నాయి. అది ఆమె చూసింది. వంతులు పోతే అక్కడ ముందు దిగేది బాబుగారి వలలే.

ఊరవతలున్న గజపతిబాబు రొయ్యల చెరువు గట్టెక్కి, "వెయ్యమ్మా" అన్నారు గురువుగారు. వల నీళ్లని తాకిందో లేదో, కాపలావాడు పరిగెత్తుకొచ్చాడు.

"ఏయ్ పిల్లా! నీ అబ్బ చెరువనుకున్నావా?"

"ఎవరైనా వేసుకోవచ్చని మీ బాబుగారే అన్నార్లే!" అంది ముత్యాలు, తాడు వదలకుండా.

అరుపులకి గట్టు మీది షెడ్డులోంచి గజపతిబాబే బయటికొచ్చాడు. గురువుగారిని చూసి దణ్ణం పెట్టి, నవ్వాడు. "అది మొగ సంగతి స్వామీ, ఇది వేరు. వచ్చినవాడల్లా వలేస్తే ఇక్కడ రొయ్య మిగుల్తుందా? దేనికైనా ఓ కట్టుబాటుండాలి కదా!"

"బాగా చెప్పావు నాయనా" అన్నారు గురువుగారు, ఎంతో మర్యాదగా.

తిరుగుదారిలో తడివల భుజాన నీళ్లు కారుస్తుంటే, ముత్యాలు ఉండబట్టలేకపోయింది. "అయితే పడవలొద్దని చెప్పేసెయ్యనా?"

"పడవల్లేకపోతే ఊరేం తింటుందమ్మా?"

ఆమె నడక ఆగింది. గురువుగారు ఆగలేదు.

"రేపు ఆయన వచ్చాక, ఇందాక గట్టు మీద 'దేనికైనా ఓ కట్టుబాటుండాలి' అన్నాడే, ఆ మాట ఊరందరి ముందూ ఇంకోసారి అనమను. అన్నాక, వంతులు వంతుల్లాగే ఉంచి పడవల సంగతి మాట్లాడు."