మూత ఊడిన కుండీ, అసిరమ్మ భుజం

ఇటు తిరుగు చిట్టీ. అరటి తొక్క కిటికీలోంచి విసిరావు, నేను చూశాను. దాని సంగతి తర్వాత. ముందు కథ విను.

అనగనగా ఒక ఊళ్ళో, రాజూ లేడు, రాణీ లేదు, ఒక చెత్తకుండీ ఉండేది. దానికో మూత, రెండు చక్రాలు, ఆ చక్రాల్ని కలిపే ఇనుప కడ్డీ. వీధి ఊడ్చే అసిరమ్మ రోజూ పొద్దున్నే దాన్ని వీధి చివర ఆగే చెత్త లారీ దాకా తోసుకెళ్ళేది.

అప్పుడేమైంది, ఆ వీధి పెద్దావిడ సత్యాలమ్మకి నీళ్ళ డ్రమ్ము మీదికి మూత కావలసొచ్చింది. వెళ్ళి కుండీ మూత ఊడబీక్కొచ్చింది. వాన పడి చెత్తంతా నాని బరువెక్కింది.

ఆ తర్వాత ఎదురింటాయన మనవడి ఆటబండికి చక్రాలు పట్టుకుపోయాడు. ఆ తర్వాత పక్కింటాయన దొడ్డి తలుపుకి అడ్డగడియ కావాలని కడ్డీ లాక్కుపోయాడు. అందరూ పెద్దమనుషులే. మళ్ళీ వాళ్ళే ముక్కు మూసుకుని, "ఈ అసిరమ్మ ఏం చేస్తున్నట్టు?" అనేవాళ్ళు. చెప్తుంటేనే నాకు ఒళ్ళు మండిపోతోంది.

పాపం అసిరమ్మ ఆ కుండీని నేల మీద ఈడ్చింది. ఈడ్చి ఈడ్చి ఒకరోజు భుజం కలుక్కుమంది. అంతే, ఆ చెయ్యి మళ్ళీ తల దాకా లేవలేదు.

అప్పుడు ఆమె మున్సిపాలిటీ స్టోరు చుట్టూ తిరిగింది. విసుక్కున్నారు, పొమ్మన్నారు, ఆఖరికి కొత్త మూత, చక్రాలు, కడ్డీ ఇచ్చారు. ఒంటి చేత్తో, మోకాలు అడ్డం పెట్టి, అన్నీ బిగించుకుంది.

ఆ తర్వాత సత్యాలమ్మకి భక్తి పుట్టుకొచ్చింది. మళ్ళీ ఎవరూ ఎత్తుకుపోకూడదని, దసరాకి బండికి చేసినట్టు కుండీకి పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసింది. నిజంగానే ఎవరూ ఎత్తుకుపోలేదు. చెత్త కూడా అందులో వెయ్యలేదు. దానికో దండం పెట్టి, చెత్త పక్కన నేల మీద కుమ్మరించి పోయేవాళ్ళు.

అసిరమ్మ బకెట్టు నీళ్ళు తెచ్చి కుండీ మీద గుమ్మరించింది. పసుపూ బొట్టూ కారిపోయాయి.

"అపచారమే" అంది సత్యాలమ్మ.

"కుండీకి దండమెట్టి నా కాళ్ళకాడ కుప్పలు పోస్తారేటమ్మా? మీ డ్రమ్ము మీదున్నది దీని పాత మూతే. దాని కింద నీళ్ళే తాగుతున్నారు. దానికీ ఎట్టండి బొట్టు."

సత్యాలమ్మ డ్రమ్ము నీళ్ళన్నీ పారబోసింది. మర్నాటి నుంచి వీధంతా చెత్త కుండీలోనే వేసింది. వేస్తే ఏం లాభం? అసిరమ్మ జడ ఇప్పటికీ కూతురే వెయ్యాలి. మూత పోతే మూత దొరికింది, చక్రం పోతే చక్రం దొరికింది. భుజం ఏ స్టోరులో ఇస్తారే?

కళ్ళు తుడుచుకో. లేచి వెళ్ళి ఆ తొక్క తీసుకురా.

కథ వెళ్ళింది కంచికి,
తొక్క వెళ్ళాలి తొట్టికి,
ఆ తర్వాతే నువ్వు మంచానికి.