సున్నపుపేట పార్కులో తాయారమ్మ పుస్తకాలు

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున, రాళ్లు మోసే జంతువులు నివసించే సున్నపుపేట. అక్కడి పార్కులో సాయంకాలపు చదువును ఏనుగు అధికారిగారే ప్రారంభించారని అందరూ చెబుతారు. పిల్లలూ, అందరూ చెప్పినంత మాత్రాన అది జరిగినట్టు కాదు. కాస్త పరిశీలిద్దాం.

పార్కు మధ్యనున్న గ్రంథాలయాన్ని ముళ్లపంది తాయారమ్మ చూసుకునేది. పుస్తకం గడప దాటకూడదన్నది అక్కడి నియమం. ఆమె దాన్ని తు.చ. తప్పక పాటించేది. పుస్తకాలు కొత్తవిగానే మెరిసేవి. చదివేవారే లేరు.

ఒకనాడు ఏనుగు అధికారి వచ్చాడు. "కార్తిక పౌర్ణమిలోగా నూరుగురు పాఠకులైనా రాకపోతే, పుస్తకాలన్నీ పై అడవికి తరలిస్తాం" అన్నాడు.

తాయారమ్మ పాఠకుల కోసం ప్రయత్నాలు మొదలుపెట్టింది. మొదట పెద్ద బోర్డు కట్టింది. ఎవరూ రాలేదు. తరువాత మిట్టమధ్యాహ్నం డప్పు కొట్టింది. రెండు తొండలు ఉలిక్కిపడి పారిపోయాయి. చివరికి, పని ముగించుకొని పార్కులో సేదతీరుతున్న గాడిద గవరయ్యనే అడిగింది.

"ఏం గవరయ్యా, లోపలికి ఒక్కనాడైనా రావేం?"

"పదింటికి తెరిచి అయిదింటికి మూసేస్తారాయె! ఆ వేళ మా వీపుల మీద బండలుంటాయి తల్లీ. పైగా నాకు చదువు రాదు."

"చెవులున్నాయిగా?"

"వాటికేం లోటు!" అంటూ గవరయ్య రెండు చెవులూ ఊపాడు.

నియమం మీరితే తాయారమ్మ ఉద్యోగం పోవచ్చు. పాటిస్తే గ్రంథాలయమే పోతుంది. ఆ సాయంత్రమే ఆమె పుస్తకాలు మోసుకొచ్చి బెంచీల మీద పరిచింది. గొంతెత్తి చదివింది. తొలిరోజు గవరయ్య ఒక్కడే విని, హాజరుపట్టీలో డెక్క ముద్ర వేశాడు. మర్నాడు గేదెలు వచ్చాయి. వారం తిరిగేసరికి చోటు కోసం కోతులు తగువులాడుకున్నాయి.

పౌర్ణమినాడు ఏనుగు వచ్చి కళ్లెర్రజేశాడు. "పుస్తకాలు గడప దాటాయే! ఈ అట్ట నమిలిందెవరు?"

"నేనేనండీ," అన్నాడు గవరయ్య. "ఆకలికి కాదు. కథ అక్కడ మరీ బిగువుగా ఉంది!"

ఏనుగుకు నవ్వాగలేదు. పట్టీ తెరిచి లెక్కపెట్టాడు. నూట పన్నెండు ముద్రలు! "గ్రంథాలయం ఇక్కడే ఉండుగాక. సాయంకాలం పార్కులో చదువుకొనవచ్చును" అని రాసి సంతకం చేశాడు.

ఆ ఉత్తర్వు మీది తేదీ కార్తిక పౌర్ణమి. గవరయ్య డెక్క ముద్ర పక్కనున్న తేదీ ఆశ్వయుజ బహుళ తదియ. అంటే ఇరవై ఏడు రోజుల ముందే.

నీతి: ఎవరి కోసం నియమం పెట్టామో వారికే అది అడ్డమైతే, ముందుగా వారిని అడిగి తెలుసుకోవాలి, ఆపైన నియమాన్ని మార్చే ధైర్యం చేయాలి.