నాలుగో పాదంలో మాస్టారు

మా వంశంలో తెలివికి లోటు లేదు. ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు పట్టుకుంటాం, ఒక్క ముక్క కింద పడనివ్వం. బస్సులో 'తల, చేతులు బయట పెట్టరాదు' అని రాసుంటే మా నూకరత్నం అత్త ఎంతో జాగ్రత్తగా కాళ్ళు బయట పెట్టి కూర్చుంది. ఓ మేడ గేటుకి 'కుక్క ఉన్నది జాగ్రత్త' అని బోర్డుంటే, మా తమ్ముడు లచ్చన్న ఆ ఇంటివాళ్ళు ఊరినుంచి వచ్చేదాకా ఆ కుక్కని జాగ్రత్తగా చూసుకున్నాడు. అది కరుస్తున్నా వదల్లేదు. అత్త కొడుకు పైడిరాజు బావని 'పాలు పొంగుతాయేమో చూస్తూ ఉండరా' అంటే, ఆఖరి చుక్క పొంగి పోయేదాకా రెప్ప వెయ్యకుండా చూశాడు.

ఇక నేను, గవరయ్యని. ముగ్గురిలోకీ నేనే తెలివైనవాణ్ణని మా అత్త అంటుంది. దాన్నిబట్టి మిగతా ఇద్దరి సంగతీ మీరే ఊహించుకోండి. కాస్త ఓపికుంటే నా సంగతి కూడా.

ఇంత తెలివి పెట్టుకుని ఊరికే కూర్చుంటామా? పాలిటెక్నిక్‌లో చేరాం. నేనూ తమ్ముడూ కూడా అత్త ఇంట్లోనే ఉండేవాళ్ళం. మిగతా సబ్జెక్టులన్నీ బట్టీపట్టి గట్టెక్కేశాం. డ్రాయింగ్ దగ్గర మాత్రం బండి ఆగిపోయింది. గీతల్ని బట్టీపట్టడం ఎలాగో మాకు తెలీలేదు.

మా డ్రాయింగు మాస్టారు చక్రధరం గారు. సన్నగా, పొడుగ్గా, చెక్కిన పెన్సిల్లా ఉండేవారు. పాపం, చాలా మంచి మనిషి. ఓ రోజు క్లాసులో, "బిందువుని మొదటి పాదంలో పెట్టండి," అన్నారు.

అంతే. మేం ముగ్గురం చెప్పులు విప్పేశాం.

"అన్నయ్యా, మొదటి పాదమంటే ఏదిరా?" అన్నాడు లచ్చన్న.

"కొత్త ఇంట్లోకి ఏది ముందు పెడతాం? కుడిపాదం. అదే మొదటిది," అన్నాను నేను. తెలివైనవాణ్ణి కదా.

సిరా సీసా తెరిచి ముగ్గురం కుడిపాదాల మీద తలో బొట్టూ పెట్టుకున్నాం. మాస్టారు కాగితాలు చూస్తూ మా దగ్గరికొచ్చేసరికి బల్లమీద కాళ్ళు బారజాపి కూర్చున్నాం.

"ఏమిట్రా ఇది?"

"మొదటి పాదంలో బిందువు సార్," అన్నాను.

మాస్టారు కాసేపు మా కాళ్ళకేసి చూశారు. "మరి మూడో పాదంలో పెట్టమంటే ఏం చేస్తార్రా?"

"బావ కాలు అరువు తీసుకుంటాం సార్," అన్నాడు లచ్చన్న. "మూడోది, నాలుగోది వాడివే. ముందే మాట్లాడి పెట్టుకున్నాం."

క్లాసు క్లాసంతా బల్లలు గుద్ది నవ్వింది. మా తెలివికి మెచ్చుకుంటున్నారనుకుని మేమూ నవ్వాం.

మాస్టారు మాత్రం నవ్వలేదు. సాయంత్రం మమ్మల్ని గదిలోకి పిలిచారు.

"ఒరేయ్, ఇప్పటికే ఈ పేపరు తప్పుతూ వచ్చారు. ఈసారి కూడా పోతే కాలేజీలో మీ పేర్లు తీసేస్తారు. తెలుసా?"

పైడిరాజు బావ బావురుమన్నాడు. "పేరు తీసేస్తే నన్నేమని పిలుస్తారు సార్? మా తాత పేరు సార్ అది!"

నాకు మాత్రం విషయం అర్థమైంది. మా వీధిలో వానొస్తే కాలవ పొంగి మోకాలిలోతు నీళ్ళు. మేం ముగ్గురం చదువై రాగానే కాలవ మీద వంతెన కట్టేస్తామని అత్త అందరికీ చెప్పుకుంది. ఎప్పుడు కడతారని జనం రోజూ అడుగుతూనే ఉన్నారు. ఇప్పుడు ఆవిడ ముఖం ఎలా చూస్తాం?

నా ముఖం చూసి మాస్టారు మెత్తబడ్డారు. "ఏడవకండ్రా. ఈ ఏడుతో నేను రిటైరవుతున్నాను. నా చేతికిందికి వచ్చిన ప్రతివాడికీ బిందువంటే ఏమిటో, గీతంటే ఏమిటో నేర్పాను. మీకూ నేర్పే వెళ్తాను. రేపు సెలవు కదా, మీ ఇంటికొస్తాను."

అన్నమాట ప్రకారం పొద్దున్నే మోపెడ్ మీద వచ్చారు. వాకిట్లో దాన్ని నిలబెట్టి లోపలికొచ్చి, గది మధ్యలో నిలబడి చెప్పడం మొదలుపెట్టారు.

"చూడండి. ఈ ఎదురుగోడ ఉందే, నిలువుగా? దీన్ని వీపీ, అంటే నిలువు తలం అంటాం. కింద ఈ నేలని హెచ్‌పీ, అంటే అడ్డ తలం అంటాం. ఈ రెండు తలాలకీ అటూ ఇటూ ఉన్న నాలుగు భాగాలే నాలుగు పాదాలు."

అత్త గుమ్మంలో నిలబడి వింటోంది. "బాబూ, మా బావి మోటారు మూడు హెచ్‌పీ. ఈ నేల ఎన్ని హెచ్‌పీలుంటాది?"

"అది వేరమ్మా. ఇది ఉత్త హెచ్‌పీ."

"ఉత్తదా! ఇన్నాళ్ళూ ఉత్త నేలనా నేను పేడతో అలుకుతున్నాను?" అని అత్త దిగాలుపడిపోయింది.

మాస్టారు గబగబా సంచిలోంచి ఓ నిమ్మకాయ తీశారు. దారం కట్టి దూలానికి వేలాడదీశారు. "ఇది బిందువు అనుకోండి. నేలకి పైన ఉంది, గోడకి ముందు ఉంది. అంటే మొదటి పాదంలో ఉంది. ముందునుంచి చూస్తే గోడమీద ఎక్కడ కనిపిస్తుంది? పైనుంచి చూస్తే నేలమీద ఎక్కడ కనిపిస్తుంది? ఆ రెండు చుక్కలూ గీస్తే చాలు."

"నిమ్మకాయ కదా బాబూ అది?" అంది అత్త.

"బిందువు అనుకోవాలమ్మా. బిందువుకి పొడవు లేదు, వెడల్పు లేదు, మందం లేదు."

"రసం?"

"రసం కూడా లేదు."

అత్త నిట్టూర్చింది. ఆ మధ్యాహ్నం పులిహోరలోకి ఇంట్లో నిమ్మకాయ లేదు. కళ్ళెదురుగా ఒకటి వేలాడుతున్నా అందులో రసం లేదని మాస్టారే చెప్పారు కదా. అందుకని పులుపు లేని పులిహోర చేసి మా అందరికీ పెట్టింది. మాస్టారు కూడా మర్యాదకి తిన్నారు.

తిన్నాక గీతలు అందుకున్నారు. చీపురుపుల్ల ఒకటి తీసి నేలమీద పడుకోబెట్టారు. "పైనుంచి చూడండి. పొడవు ఎంతుందో అంతే కనిపిస్తోందా? ఇప్పుడు ఓ కొస పైకెత్తుతున్నాను. పొడవు తగ్గిందా?"

నిజమే! తగ్గింది!

"ఇంకా ఎత్తితే ఇంకా తగ్గుతుంది. పూర్తిగా నిలబెట్టేశామనుకోండి, పైనుంచి చూసేవాడికి ఒట్టి బిందువు."

మేం నోళ్ళు తెరిచాం. ఇంత గొప్ప విద్య ఇన్నాళ్ళూ క్లాసులో మా పక్కనుంచే పోయిందన్నమాట. మాస్టారు టీ తాగడానికి వంటింటి అరుగుమీద కూర్చోగానే అత్త మమ్మల్ని పెరట్లోకి లాక్కెళ్ళింది.

"ఒరే గవరయ్యా, బట్టలారేసే వెదురుగెడ ఉంది చూడు. ఇంట్లో పట్టక ఎన్నాళ్ళనుంచో వానకి తడిసిపోతంది. మీ చదువుతో దాన్ని కాస్త పొట్టి చెయ్యండ్రా."

ఇంకేముంది! లచ్చన్న ఇంటి కప్పు ఎక్కాడు, పైనుంచి చూడ్డానికి. నేనూ బావా గెడని వాకిట్లోకి మోసుకొచ్చి ఓ కొస పైకెత్తాం.

"తగ్గుతోందా తమ్ముడూ?"

"తగ్గుతోంది అన్నయ్యా! ఇంకా ఎత్తండి! ఇంకా! ఇప్పుడు మూరెడే ఉంది! ఇప్పుడు జానెడే!"

కిందనుంచి చూస్తే మాకు అంత గెడా అలాగే ఉంది. కానీ కిందనుంచి చూడమని మాస్టారు చెప్పలేదుగా. నిట్టనిలువుగా నిలబెట్టేశాం.

"బిందువైపోయింది!" అని కప్పుమీద గంతులేశాడు లచ్చన్న. రెండు పెంకులు జారాయి.

"అయితే వదిలెయ్ బావా," అన్నాను నేను. "బిందువుకి పొడవు లేదు, వెడల్పు లేదు. ఇంక బరువెక్కడిది? వంగి ఏరుకుని జేబులో వేసుకుందాం."

వదిలేశాం. ఆ బిందువు ఊగింది, వాలింది, ఫెళ్ళుమని మాస్టారి మోపెడ్ మీద పడింది. హ్యాండిల్ ఓ పక్కకీ, లైటు ఓ పక్కకీ పోయాయి.

మాస్టారు టీ గ్లాసుతో పరుగెత్తుకొచ్చారు. మేం ముగ్గురం జరిగింది చెప్పాం. ఆయన వంగి లైటు ముక్కలు ఏరుకున్నారు. తర్వాత మెల్లిగా అన్నారు: "ఒరేయ్, మీకు సగం అర్థమైందిరా. నాకదే భయంగా ఉంది."

మోపెడ్ నడిపించుకుంటూ వెళ్తూ గేటు దగ్గర ఆగారు. "రేపు మళ్ళీ వస్తాను. ఈలోపు ఒక్కటి ఆలోచించండి. గోడమీదో చుక్క, నేలమీదో చుక్క ఉన్నాయి కదా. కాగితమేమో ఒకటే. మరి రెండూ ఒకే కాగితం మీదికి ఎలా వస్తాయి? నేలని తలుపులా కిందికి తిప్పెయ్యాలి. గోడా నేలా కలిసే గీత దగ్గర బందులున్నాయి అనుకోండి. అక్కణ్ణుంచి కిందికి తిప్పితే నేల గోడకి సమంగా వచ్చేస్తుంది. బాగా ఆలోచించండి."

ఆలోచించడం మాకు అలవాటు లేదు. చెయ్యడమే అలవాటు.

"నేలని కిందికి తిప్పాలంటే ముందు బందులు కనిపించాలి కదరా," అన్నాడు బావ.

అంతే. గునపం తెచ్చాం. గోడ వారనే మొదలుపెట్టాం. నేను తవ్వుతుంటే బావ మట్టి ఎత్తాడు, అత్త గంపలతో మోసి పెరట్లో పోసింది. చదువంటే ఇంత కష్టమని తనకి తెలీదని కళ్ళు తుడుచుకుంటూ మరీ మోసింది. మోకాలిలోతు తవ్వాం, బందు లేదు. నడుంలోతు తవ్వాం, బందు లేదు. ఓ పాత గరిట దొరికింది. బందు తాలూకు ముక్కేమోనని జాగ్రత్త చేశాం.

"పాతకాలపు ఇల్లు బాబూ, బందులు బాగా లోతున వేసుంటారు," అంది అత్త.

మర్నాడు మాస్టారు వచ్చే వేళకి ఇంకా తవ్వుతూనే ఉన్నాం. వీధిలో ఆయన గొంతు వినిపించగానే అత్త కంగారు పడింది. "గొయ్యి చూస్తే మాస్టారు బెంగపెట్టుకుంటారు. పని పూర్తవలేదని చెప్పడానికి సిగ్గుచేటు!" అని గొయ్యిమీద కొత్త చాప పరిచేసింది.

మాస్టారు లోపలికొచ్చారు. "ఏరా, నేలని తిప్పడం గురించి ఆలోచించారా?" అంటూ మర్యాదగా చెప్పులు విడిచి, చాపమీద కూర్చోబోయారు.

ఇంకేముంది! చాపా మాస్టారూ కలిసి మాయమయ్యారు.

మేం చుట్టూ మూగి వంగి చూశాం. అడుగున మెత్తటి మట్టి ఉండబట్టి దెబ్బలేవీ తగల్లేదు. నడుందాకా గోతిలో నిలబడి, కళ్ళజోడు దులుపుకుని, ఓసారి గోడకేసి, ఓసారి నేలకేసి చూశారు. ఆయన పెదాలు వణికాయి. ఏడుస్తారేమోనని భయపడ్డాను. చూద్దుంకదా, నవ్వుతున్నారు. కళ్ళంట నీళ్ళొచ్చేలా నవ్వుతున్నారు.

"ఒరే గవరయ్యా! ఇప్పుడు నా పాదాలు ఎక్కడున్నాయిరా? నేలకి పైనా, కిందా?"

"కింద సార్."

"గోడకి ముందా, వెనకా?"

"ముందు సార్."

"నేలకి కింద, గోడకి ముందు. అదేరా నాలుగో పాదం!"

నా బుర్రలో ఏదో టక్కుమంది. "అయితే సార్, గోడకి అవతల అత్త వంటింట్లో ఉట్టి వేలాడుతోంది కదా. అది నేలకి పైన, గోడకి వెనక..."

"రెండో పాదం!" అని అరిచారు మాస్టారు.

"వంటింటి నేల కిందున్న చీమల పుట్ట?" అన్నాడు లచ్చన్న.

"మూడో పాదం! ఒరేయ్, మీకొచ్చేసిందిరా!"

పైడిరాజు బావ తన రెండు కాళ్ళూ చూసుకుని, "అయితే ఇవి నాకిచ్చేసినట్టేనా?" అన్నాడు.

పైకి లాగుతామన్నా మాస్టారు రానన్నారు. గోతిలోనే నిలబడి పాఠమంతా చెప్పారు. చీపురుపుల్లని గోడకి వాల్చి, నేలకి వాల్చి, రెండింటికీ వాల్చి చూపించారు. కనిపించే పొడవు వేరు, అసలు పొడవు వేరని, కనిపించేదాన్నుంచి అసలుది ఎలా రాబట్టాలో సుద్దముక్కతో గోడమీద గీసి చూపించారు. అత్త టీ గోతిలోకే అందించింది. మేం గీశాం, తప్పాం, మళ్ళీ గీశాం. ఆయన్ని పైకి లాగేసరికి నిజంగానే మాకు వచ్చేసింది. వెళ్తూ మా ముగ్గురి తలలమీదా మట్టిచేత్తోనే నిమిరారు.

పరీక్షరోజు వచ్చింది. ప్రశ్న రెండుసార్లు చదివాను. రెండు తలాలకీ వాలిన గీత. దాని అసలు పొడవు కనుక్కోవాలి. కళ్ళు మూసుకుని మాస్టారిని గోతిలో నిలబెట్టుకున్నాను. అంతే, చెయ్యి దానంతటదే కదిలింది. ముందునుంచి చూసింది పైన గీశాను, పైనుంచి చూసింది కింద గీశాను, తిప్పాను, కలిపాను, కొలిచాను. పక్కకి చూస్తే బావా తమ్ముడూ కూడా నాలిక బయటపెట్టి గీసేస్తున్నారు. వాళ్ళ గీతలు ఎంత అందంగా ఉన్నాయంటే నాకు ఏడుపొచ్చింది. కాలవ మీద వంతెన కట్టేసినట్టే ఉంది.

అప్పుడు పరీక్ష కాపలాకి వచ్చిన మేడం గడియారం చూసి గట్టిగా చెప్పింది: "టైమవుతోంది. అక్కర్లేని గీతలన్నీ చెరిపేసి షీట్లు ఇచ్చేయండి."

మేం ముగ్గురం ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం. జవాబు దొరికేసింది. దొరికాక ఇంక గీతలతో పనేముంది?

రబ్బరు తీశాం. పై గీత చెరిపాం, కింది గీత చెరిపాం. గీతలే పోయాక చివర్ల చుక్కలు మాత్రం ఎందుకని అవీ చెరిపాం. పక్కన వేసిన కొలత దేనికి కొలతో తెలీకుండా పోయింది, దాన్నీ చెరిపాం. లచ్చన్న మరీ శ్రద్ధగా షీటు చుట్టూ ఉన్న అంచుగీత కూడా తుడిచేసి, రబ్బరు పొడి అంతా ఊదేశాడు. మేడం షీట్లు తీసుకుని, మాకేసీ వాటికేసీ మార్చి మార్చి చూసింది. అంత శుభ్రమైన పని ఆవిడెప్పుడూ చూసి ఉండదు.

బయట గేటు దగ్గర అత్త బెల్లంముక్కలు పట్టుకుని నిలబడింది. పక్కన చక్రధరం మాస్టారు కూడా ఉన్నారు.

"ఎలా గీశార్రా?" అన్నారు ఆత్రంగా.

"ఒక్క అక్కర్లేని గీత లేదు సార్!" అన్నాను ఛాతీ విరుచుకుని. "ఒక్కటే భయం. మా ముగ్గురి షీట్లూ అచ్చం ఒకేలా ఉన్నాయి. ఒకర్ని చూసి ఒకరు కాపీ కొట్టామనుకుంటారేమో."

"ఆ భయం నీకక్కర్లేదన్నయ్యా," అన్నాడు లచ్చన్న బెల్లం నములుతూ. "నేను ముందే ఆలోచించాను. నాది తిరగేసి ఇచ్చాను."