సబ్బు ఆరే దాకా

నాబ్లుస్ పట్టణంలోని షేక్ బుర్హాన్ గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడగగానే చెప్పులు తొడుక్కునేవారు. జవాబు ఎప్పుడూ ఇంటి బయటే ఎక్కడో ఉంటుందని ఆయన నమ్మకం. మోకాళ్ళ నొప్పులున్న శిష్యులు అందుకే ప్రశ్నలు తగ్గించుకున్నారు.

తైసీర్ అనే శిష్యుడు పాలస్తీనాలోని చిన్న కార్ఖానాల సరుకుకు పైదేశాల్లో కొనేవాళ్ళను వెతికిపెడుతుండేవాడు. ఒకనాడు మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"గురువుగారూ, ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టుంది నీ వ్యవహారం అంటున్నారు నావాళ్ళు. ఇంత నెత్తురు పారుతుంటే సబ్బులమ్ముతావా అని ఎగతాళి. చేతినిండా పనుంటే మనుషులు కొట్లాటకు పోరని నమ్మి దిగాను. నన్ను నేను మోసం చేసుకుంటున్నానా? మీరు అవునంటే రేపే మానేస్తాను."

షేక్ గారు చెప్పులు తొడుక్కున్నారు.

పాతబస్తీలో ఒక విధవరాలి ఇంటి ముందు ఆగి తాళంచెవి అడిగారు. ఆమె ఇచ్చింది గాని వెంట రాలేదు. పక్కనే ఆమె భర్త గస్సాన్ సబ్బు కార్ఖానా. కింద ఆలివ్ నూనె కాగే పెద్ద రాగి కాగు ఎండిపోయి ఉంది. మేడమీద విశాలమైన ఖాళీ నేల, దానిమీద పాత కత్తిగీతలు. అక్కడ నిలబడి ఆయన చెప్పిన సంగతి ఇది.

గస్సాన్ తమ్ముణ్ణి సైనికులు కాల్చి చంపారు. ఖననం నాడే పనివాళ్ళు ఉడికిన సబ్బును ఈ నేలంతా పోశారు. కాగులో సరుకు చావుకోసం ఆగదు కదా. మర్నాడు నలుగురు మనుషులొచ్చి, పగ తీర్చుకుందాం రమ్మని గస్సాన్‌ను పిలిచారు.

"సబ్బు పోసి ఉంది. ఇవాళ కోయకపోతే బిగిసిపోతుంది. కోసి వస్తాను," అన్నాడు గస్సాన్.

ఏడుస్తూనే కోశాడు. కోశాక ముద్ర వేయాలి. వేశాక గాలి ఆడేలా గోపురాలుగా పేర్చాలి. పేర్చినవి నెలల తరబడి ఆరాలి. అవి ఆరేలోపు మరో కాగు పొయ్యెక్కేది. వాళ్ళు ఎప్పుడొచ్చినా ఏదో ఒక పని మిగిలే ఉండేది. చివరికి విసుగెత్తి రావడం మానేశారు. అతను ఎవరినీ క్షమించలేదు. తమ్ముడి పేరెత్తితే పళ్ళు కొరికేవాడు. అయినా రెండేళ్ళపాటు రోజూ ఇంటికొచ్చి భార్యతో కలిసి రొట్టె తిన్నాడు.

ఆ తర్వాత సైనికులు పట్టణంలోకి వచ్చే దారులు మూసేశారు. నూనె లోపలికి రాలేదు, ఆరిన సబ్బు బయటికి పోలేదు. పనివాళ్ళు ఒక్కొక్కరే ఇళ్ళకు వెళ్ళిపోయారు. గస్సాన్ మాత్రం పొద్దున్నే వచ్చి, ఏమీ లేని ఈ నేలను ఊడ్చి కూర్చునేవాడు. మూడో నెలలో ఆ నలుగురూ మళ్ళీ వచ్చారు. ఏం పనుందని ఈసారి వాళ్ళు అడగనైనా అడగలేదు. అతను చీపురు గోడకు ఆనించి వాళ్ళ వెంట వెళ్ళాడు. వారం తిరక్కుండా శవమై వచ్చాడు. ఆ రోజే సరిహద్దు కంచెకు అవతల, సైనికుల వైపున, ఒక తల్లి కూడా కొడుకును పోగొట్టుకుంది. ఇక ఏ దారి తెరిచినా ఆ ఇద్దరు ఆడవాళ్ళకూ ఒరిగేదేమీ లేదు.

తైసీర్ ఆయన వైపు తిరిగాడు.

"మీరు పక్కవీధిలోనే ఉంటారు కదా, గురువుగారూ. ఓర్పు గురించి ఒక్క మాట చెప్పి ఆపలేకపోయారా?"

గోడకు ఆనించిన చీపురు ఇంకా అక్కడే ఉంది. షేక్ గారు దానివంక చూశారు.

"అతను ఆగిన రోజూ, వెళ్ళిన రోజూ నేనిక్కడే ఉన్నాను, నాయనా. రెండుసార్లూ చాలా బాగా మాట్లాడాను."