ఎవరి గేరు వాళ్ళదే

జామివలస ఆరుగురు అన్నదమ్ములకు తమంత తెలివైనవాళ్ళు జిల్లాలోనే లేరని గట్టి నమ్మకం. వాళ్ళింట్లో ఎవరి పని వాళ్ళదే. ఒకడు బావిలో చేద వేస్తే ఇంకొకడు లాగాలి, మరొకడు కుండలో పొయ్యాలి. చేద వేసేవాడు ఊరెళ్తే ఆ రోజు ఇంటిల్లిపాదికీ స్నానాల్లేవు!

ఆఖరివాడు చిన్నంనాయుడికి పెళ్ళి కుదిరింది. అంతకుముందు రెండు సంబంధాలు వీళ్ళ తెలివికి దండం పెట్టి వెళ్ళిపోయాయి. ఇదైనా నిలవాలని పాపం అతని ఆరాటం. పెళ్ళికని ఓ కారు కొన్నారు.

"ఆరు గేర్లెందుకు బావూ? ఒకటి సాలదా?" అడిగాడు పెద్దన్న గవిరినాయుడు.

"బండి కదలాలంటే బలం కావాల. అది ఒకటో గేరు పని," అన్నాడు మెకానిక్ పైడిరాజు. "పరుగందుకున్నాక అంత బలం అక్కర్లేదు. పైగేరుకి మారితే ఇంజను అలిసిపోదు, పెట్రోలు మిగుల్తాది. అందుకే కొత్త బళ్ళకి ఇన్నేసి గేర్లు. ఏ గేరు పని దానిదే."

"అచ్చం మనిల్లే!" మురిసిపోయాడు గవిరినాయుడు.

అంతే, తలా ఒక గేరు పంచేసుకున్నారు. చిన్న గేరు చిన్నోడికి, పెద్ద గేరు పెద్దోడికి.

పెళ్ళినాడు అమ్మ చిన్నంనాయుడికి మరీ మరీ చెప్పింది. "నాయనా, పందిరి ముందే దిగు. దార్లో కాలు కింద పెట్టకు."

చిన్నంనాయుడు ఒకటో గేరు వేసి కారు కదిలించాడు. రెండోది వెయ్యడానికి రెండో గేరువాడొచ్చి కూర్చోవాలిగా? కారు ఆపి, పెళ్ళికొడుకుని భుజాన మోసి వెనక సీట్లో వేశారు. ఆగిన బండి రెండో గేరులో కదిలితేగా! ఓ కుదుపు కుదిపి ఊరుకుంది. మళ్ళీ పెళ్ళికొడుకుని ముందుకు మోశారు.

"అన్నా, ముహూర్తం దాటిపోతాది! నేనొక్కణ్ణే తోలుకుపోతాను," ఏడుపు మొహం పెట్టాడు చిన్నంనాయుడు.

"మరి మా గేర్లేటి కావాల?" కసిరాడు గవిరినాయుడు. "కూకున్న కాణ్ణించే ఎవడిది వాడేత్తాడు. నువ్వు తోలు!"

ఇంకేముంది! ఒక గేరు రాడ్డు, దానిమీదికి ఆరు చేతులు. ఎలాగో ఆరో గేరు దాకా వెళ్ళారు. పందిరి కనబడింది. ఆరో గేరువాడు దించి, అయిదో గేరువాడు దించి, వంతులన్నీ అయ్యేసరికి కారు పందిరి దాటి పది బారలు వెళ్ళి ఆగింది.

"ఎనక్కెళ్ళే గేరెవరిది?" అడిగాడు గవిరినాయుడు.

ఎవరి వాటాకీ రాలేదు!

దిగి నడుద్దామంటే అమ్మ మాట. ముహూర్తానికి ఇంక పావుగంటే. చిన్నంనాయుడికి కళ్ళనీళ్ళు తిరిగాయి. కిటికీలోంచి తల బయటపెట్టి, "మావా, మీ పందిరే కాస్త ఇటు జరపండి!" అని బతిమాలాడు.

ఏం చేస్తాడు, ఆడపిల్ల తండ్రి! చుట్టాలందర్నీ పిలిచి గుంజలు పీకించి, పందిరి నెత్తిన పెట్టించుకుని చెమటలు కక్కుతూ వస్తున్నాడు.

చిన్నంనాయుడి మనసు కరిగిపోయింది. అంత బరువుతో వస్తున్న మామగారికి కారు అడ్డమెందుకని, మర్యాదగా ఒకటో గేరు వేసి ఇంకో పది బారలు ముందుకు జరిగాడు.

తన గేరే కదా, ఎవర్నీ అడగక్కర్లేదు!