ఓబుళమ్మ నాటిన గన్నేరు: హరితగౌరీ వ్రత కథ

మనసు నిలిపి, గౌరిని తలచి, ఈ కథ వినుడు.

పూర్వము క్షేమంకరుడను ముని సుతపోమహర్షికి నమస్కరించి, వానలు లేని సీమలో తులసి వాడును, మల్లె మాడును గదా, అట్టిచోట ఇల్లాండ్రు ఏ పూవుతో గౌరిని కొలువవలెను, కరువున ఇల్లు నిలిపెడి వ్రతమేదైన కలదా అని యడిగెను. సుతపుడు సంతసించి ఇట్లు చెప్పెను.

నాయనా! పినాకినీ నదికి దక్షిణమున ఎర్రమిట్ట యను గ్రామము కలదు. అచట కదిరప్ప యనువాడు భార్య ఓబుళమ్మతోను, నాలుగేండ్ల కూతురితోను కాపురముండి, బావి క్రింద మల్లెతోట సాగుచేయుచుండెను. తోట గట్టున అతని తల్లి నాటిన గన్నేరు చెట్లు వరుసగా నుండెను. ఆమె ఏటేట వాటికి పసుపు కుంకుమలిడి హరితగౌరిగా కొలిచి, కన్నుమూయునపుడు వాటిని విడువవద్దని కోడలికి అప్పగించెను.

కదిరప్పకు అది రుచింపలేదు. "నీళ్ళు గూడా అడగని చెట్టుకు పూజేందే? ఆ గట్టు మీద ఇంకో రెండు సాళ్ళు మల్లె పెడితే పోలా?" అని చెట్లన్నిటిని వేళ్ళతో పెరికించెను. ఓబుళమ్మకు మనసొప్పకున్నను పెదవి విప్పలేదు.

అది మొదలు మూడేండ్లు వాన కురియలేదు. గట్టున చాటు లేనందున వడగాలి తోటలో దూరి మల్లెలను మాడ్చెను. మేకలు చొరబడి మిగిలిన చిగుళ్ళు మేసెను. బావిలో అడుగురాయి కనబడెను. కదిరప్ప తలవంచుకొని, రాళ్ళు కొట్టు పనికై దూరదేశము పోయెను. ఓబుళమ్మ ఉన్న అంబలి బిడ్డకు పోసి, తాను గిన్నె కడిగిన నీళ్ళు త్రాగి దినములు గడపెను.

ఒకనాటి మిట్టమధ్యాహ్నము తలమీద మూటతో ఒక ముసలమ్మ వచ్చి గడపలో కూలబడెను. కడవలో మిగిలిన చెంబెడు నీటిలో సగము ఓబుళమ్మ ఆమెకిచ్చెను. ముసలమ్మ త్రాగి, "ఏం బిడ్డా, వాకిట్లో ఒక పచ్చనాకు గూడా లేదే?" అనెను.

ఓబుళమ్మకు దుఃఖము ఆగలేదు. "మా అత్త చెట్లు అప్పజెప్పి పోయిండె అవ్వా. పీకేస్తాంటే చూస్తా నిలబడితి. ఒక్క మాటన్నా అడ్డం చెప్పకపోతిని."

"ఏడ్చిన నీళ్ళు చెట్టుకు పనికిరావులేమ్మా. జొన్నలు కడిగిన నీళ్ళుంటాయి గదా, అవి పొయ్యి" అని ముసలమ్మ మూట విప్పి జానెడు గన్నేరు కొమ్మ యిచ్చెను. శుక్రవారమున నాటవలెననియు, మొదట ఎండుటాకులు కప్పవలెననియు, వేరూనువరకు దినమునకొక చెంబు పోసిన చాలుననియు, అది విషపుచెట్టు గనుక ఆకునుగాని దాని పాలనుగాని నోట సోకనీయక, తాకినంతనే చేతులు కడుగుకొనవలెననియు చెప్పెను. తొలిపూలు గౌరికిడి, వ్రతము ముగించు ఉద్యాపనమునాడు కొమ్మలు కోసి ఐదిండ్లకు తనచేతితో పంచవలెనని చెప్పి వెడలెను. ఓబుళమ్మ వాకిటికి వచ్చి చూడగా వీధిలో ఎవ్వరును లేరు.

ఆమె అట్లే నాటెను. ఇరువది దినములు కొమ్మలో కదలిక లేదు. అయినను నీరు మానలేదు. పిమ్మట గోరంత చిగురు కనబడెను. మరుసటియేటికి అది గుబురై, నిప్పులు చెరుగు ఎండలో గులాబిరంగు పూలు పూచెను. ఊరిలో వేరొక పూవు లేదు. పూజకును పెండ్లికిని అందరును ఆమె వాకిటికే వచ్చి, పూలు కొనిపోయి జొన్నలు పోసిరి. బిడ్డ ఒడలు తేరెను.

ఆ వార్త విని కదిరప్ప తిరిగివచ్చి, చెట్టుముందు కూర్చుండెను. "మా అమ్మ చెట్టే గదా ఇది?" అనెను.

"మీ అమ్మ చెట్టు నువ్వు పీకితివి. ఇది ఇంకో అమ్మ ఇచ్చింది. లేసి నీళ్ళు పొయ్యి" అని ఆమె చెంబు చేతికిచ్చెను.

అంతట పొరుగింటి రంగసాని, భర్తను పోగొట్టుకొన్నది, వచ్చి ఒక కొమ్మ యడిగెను. ఆకలి నెరిగినవారికే ఆకలి భయమెక్కువ. అందరి యింటను పూచినచో తన వాకిటికి ఎవరు వత్తురని ఓబుళమ్మ బెదరి, "కొమ్మ కోస్తే చెట్టు సచ్చిపోతాది వదినా" అని బొంకెను. ఉద్యాపనమును చేయలేదు.

నెల తిరుగకమున్నే కొమ్మలు క్రిక్కిరిసి గాలియాడక, చిగుళ్ళకు రసము పీల్చు పచ్చపేను పట్టి, మొగ్గలు విచ్చకయే రాలెను. ఓబుళమ్మ తన తప్పు తెలిసికొని రంగసాని గడపకు పోయి, "నీకు అబద్ధం చెప్పినా వదినా. చెట్టు చావదు. నాకే భయమైండె" అని ఏడ్చెను.

"భయం ఎవురికి లేదు ఓబుళీ? పద, కొడవలి తీసుకో" అని రంగసాని లేచెను.

ఇద్దరును కలసి పేనుపట్టిన కొనలు కోసి పారవైచి, మంచి కొమ్మలు ఏరి గౌరిని పూజించి ఐదిండ్లకు పంచిరి. చెట్టు మరల చిగిర్చెను. ఏడాదికి ఊరిగట్లన్నియు పచ్చనాయెను. మేకలు లోనికి రాలేదు, వడగాలి ఆగెను. వానలు వచ్చినపుడు ఆ చాటున మల్లెలు తిరిగి నిలిచెను. ఓబుళమ్మయు రంగసానియు ఒకే అరుగున దండలు గ్రుచ్చి సుఖముగా నుండిరి.

కావున క్షేమంకరా! క్రొత్తగా కాపురము పెట్టినవారు, బావి ఎండినవారు, ఇంటివాడు దూరమేగినవారు, ముత్తైదువలును, భర్తను కోల్పోయినవారును ఈ వ్రతము చేయవలెను. పెరడు లేనివారు కుండలో నాటవచ్చును. చేసినవారికి కరువున అన్నము, చేసిన తప్పు ఒప్పుకొను ధైర్యము, పొరుగున తోడు కలుగును. విన్నవారికి ఇల్లు చల్లగా నుండును అని సుతపుడు ముగించెను.

ఇక లేచి చేతులు కడుగుకొని, పొరుగింటివారిని పిలువుడు. వారికి కొమ్మ ఇచ్చిన పిమ్మటనే మనకు ప్రసాదము.